ప్రవేశ పరీక్షకు కంగారు లేకుండా సిద్ధం కావడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీ ప్రవేశ పరీక్ష దగ్గరపడుతున్నకొద్దీ విద్యార్థులు అడిగేవీ, వాళ్ళ అమ్మానాన్నలు అడిగేవీ ఇక్కడ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తాను. ధైర్యానికి ఒక ప్రిపరేషన్, సబ్జెక్టుకు ఇంకో ప్రిపరేషన్ అంటూ ఉండవని నా అభిప్రాయం. చదివింది పుస్తకం మూసేశాక రాయగలమో లేదో తెలియకపోవడం వల్లే సగం భయం. ఆ సంగతి రోజూ కొంచెం కొంచెం తేల్చుకుంటూ వస్తే చదువూ కుదురుతుంది, గుండెదడా దారికి వస్తుంది. కింద చెప్పిన చాలా జవాబులు ఇక్కడి నుంచి వచ్చినవే.

పరీక్ష అంటే భయం పూర్తిగా పోవాలంటే ఏం చేయాలి?

పోదు. పోనక్కర్లేదు కూడా. గుండె వేగంగా కొట్టుకోవడం, అరచేతులు చెమర్చడం, కడుపులో తిప్పినట్టుండటం, మాటిమాటికీ బాత్రూంకి వెళ్ళాలనిపించడం అన్నీ అడ్రినలిన్ చేసే పనులే. ముందు పెద్ద పని ఉందని ఒంటికి తెలిసింది, అది సిద్ధమవుతోంది. పోటీకి దిగబోయే ఆటగాళ్ళకూ, స్టేజీ ఎక్కబోయే గాయకులకూ ఇలాగే ఉంటుంది. వాళ్ళు దాన్ని పోగొట్టుకోరు, దానితోనే పని కానిచ్చేస్తారు.

కొంచెం ఉద్వేగం ఉంటే పని బాగా సాగుతుందనీ, అది హద్దు దాటితే చెడుతుందనీ చెప్పేటప్పుడు అందరూ యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల 1908 నాటి ప్రయోగాన్ని ముందుకు తెస్తారు. ఆ ప్రయోగం చేసింది ఎలుకల మీద. ఉద్వేగం పెరిగేకొద్దీ పని మెరుగై, ఆపైన దిగజారినట్టు చూపే చక్కటి గీత, బోర్లించిన గంటలా ఉండేది, తర్వాతి వాళ్ళు గీసింది. కాబట్టి దాన్ని మరీ శిలాశాసనంలా పట్టుకోకండి. అసలు విషయం మాత్రం పరీక్షలు రాసినవాళ్ళందరికీ అనుభవమే.

మరి భయం ఎక్కడ దెబ్బ కొడుతుంది? లెక్క చేసేటప్పుడు మధ్యలో వచ్చిన అంకెల్ని మనసులో పట్టుకుని ఉండాలి కదా, ఆ చోటు చాలా చిన్నది. ఒకేసారి నాలుగైదు విషయాలకు మించి పట్టవు. 'ఇది రాకపోతే ర్యాంకు పోతుంది, ర్యాంకు పోతే అందరూ ఏమంటారు' అనే ఆలోచన అందులో ఒక మూల ఆక్రమించిందంటే లెక్కకు ఆ మేరకు చోటు తగ్గిపోతుంది. రోజూ చేసే కూడికలు పరీక్షలో తప్పడానికి కారణం ఇదే. గుండెదడను ఆపడానికి తంటాలు పడే బదులు ఈ లోపలి సణుగుడును తగ్గించుకోవడం మీద దృష్టి పెట్టండి.

చదివేటప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది. పేపర్ ముందు పెట్టుకుంటే ఒక్కటీ గుర్తుకు రాదు. నా జ్ఞాపకశక్తి తక్కువా?

జ్ఞాపకశక్తిలో లోపం లేదు, చదివే పద్ధతిలో ఉంది. ఒకే పాఠాన్ని మూడోసారి తిరగేస్తుంటే అక్షరాలు పరిచయమైనవిగా కనిపిస్తాయి. 'ఆఁ, ఇది తెలిసిందే' అనిపిస్తుంది. కానీ చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా బయటికి తీయడం వేరు. పరీక్ష అడిగేది రెండోదాన్ని.

దీని మీద 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక జట్టు ఒక వ్యాసాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో జట్టు ఒక విడతే చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తున్నంత రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివిన జట్టుదే పైచేయి: వాళ్ళకు 83 శాతం గుర్తుంది, రాసిన జట్టుకు 71 శాతం. వారం తర్వాత మళ్ళీ పెడితే కథ తిరగబడింది. చదివిన జట్టు 40 శాతానికి పడిపోయింది, రాసిన జట్టు 61 దగ్గర నిలిచింది. ఇంకో విశేషం, వారం తర్వాత బాగా గుర్తుంటుందన్న నమ్మకం ఎక్కువగా ఉన్నది చదివిన జట్టుకే. మీకు రాత్రి అంతా వచ్చినట్టు ఉండి, వారానికి ఖాళీ అయిపోవడం సరిగ్గా ఇదే.

ఆచరణలో చేయాల్సింది చిన్నదే. ఒక చాప్టర్ చదివాక పుస్తకం మూసి, తెల్లకాగితం తీసుకుని గుర్తున్నదంతా రాయండి. సూత్రాలు, బొమ్మలు, శీర్షికలు, ఏవైనా సరే. తట్టలేదని వెంటనే పుస్తకం తెరవకండి. ఒక నిమిషం తన్నుకులాడండి, ఫలితమంతా ఆ తన్నుకులాటలోనే ఉంది. తర్వాత తెరిచి, వదిలేసినవాటిని వేరే రంగు పెన్నుతో చేర్చండి. ఆ రంగులో ఉన్నదే మీరు నిజంగా చదవాల్సిన భాగం. మొదట్లో ఇది చిరాకుగా ఉంటుంది, ఏమీ రానట్టు అనిపిస్తుంది. పుస్తకానికి రంగు గీతలు కొడుతూ చదవడంలో ఉన్న సుఖం ఇందులో లేదు. కానీ పరీక్షలో పనికొచ్చేది ఇదే.

రోజుకు ఎన్ని గంటలు చదవాలి?

గంటలు లెక్కపెట్టకండి. 'ఈ రోజు 12 గంటలు కూర్చున్నాను' అనేదానికంటే 'ఈ రోజు 40 ప్రశ్నలు చూడకుండా చేశాను, 11 తప్పాయి, ఆ 11 ఎందుకు తప్పాయో తెలుసు' అనేది పనికొచ్చే లెక్క. కూర్చున్న గంటలకు ఎవరూ మార్కులు వేయరు.

రివిజన్ ఎప్పుడెప్పుడు చేయాలి? ఒక సబ్జెక్టు పూర్తి చేశాకే ఇంకోటి మొదలుపెట్టాలా?

మర్చిపోవడం మొదలైన కాసేపటికి చేయాలి. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల జాబితాలు తానే బట్టీపట్టి, ఎంతకాలానికి ఎంత మర్చిపోతున్నాడో కొలుచుకుని 1885లో ప్రచురించాడు. మరుపు మొదటి కొన్ని గంటల్లో, మొదటి రోజుల్లో వేగంగా సాగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే చదివిన మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఒకసారి, వారం పది రోజులకు ఒకసారి, ఆపైన నెలకు ఒకసారి చూసుకుంటే చాలావరకు నిలుస్తుంది. తేదీలు ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ఒకే ఆదివారం ఆరు గంటలు రుద్దడం కంటే అవే ఆరు గంటలు నాలుగు వారాలకు పంచడం మేలు.

రెండో ప్రశ్నకు జవాబు: కలిపి చదవండి. ఒక చాప్టర్‌లో లెక్కలన్నీ వరసగా చేస్తే రెండో లెక్క నుంచి ఏ సూత్రం వాడాలో ఆలోచించే పనే ఉండదు, ఎందుకంటే అన్నిటికీ అదే సూత్రం. పరీక్షలో ప్రశ్నలు అలా వరసకట్టి రావు. సగం కష్టం ఇది ఏ చాప్టర్ లెక్కో పోల్చుకోవడంలోనే ఉంటుంది. మూడు నాలుగు చాప్టర్ల ప్రశ్నలు కలగలిపి చేయడం అలవాటైతే ఆ పోల్చుకునే పని ఇంట్లోనే అయిపోతుంది. కొత్త చాప్టర్ మొదటిరోజు మాత్రం వరసగానే చేయండి, అర్థం కాకముందే కలిపితే అయోమయం తప్ప ఏమీ మిగలదు.

మాక్ టెస్టులు ఎన్ని రాయాలి?

రాసినదాన్ని విడమరిచి చూసుకోగలిగినన్ని. మూడు గంటలు టెస్టు రాసి, మార్కులు చూసి, నిట్టూర్చి, మర్నాడు ఇంకో టెస్టుకు కూర్చునేవాళ్ళు ఎందరో. ఆ టెస్టు వల్ల వాళ్ళకు ఒరిగింది అలసట. టెస్టుకు ఎంత టైం పట్టిందో కనీసం అంత టైం తప్పుల మీద పెట్టాలి.

తప్పుల కోసం ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. అందులో ఏం రాయాలో చెప్పడానికి ఒక ఉదాహరణ: 'గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు బ్రేకు వేశాక ఒకే తీరుగా నెమ్మదించి 5 సెకన్లలో ఆగింది. ఆలోపు ఎంత దూరం వెళ్ళింది?' గంటకు 72 కిలోమీటర్లు అంటే సెకనుకు 20 మీటర్లు. సగటు వేగం 10, సెకన్లు 5, జవాబు 50 మీటర్లు. కంగారులో ఉన్న విద్యార్థి 72లో సగం 36, ఐదు ముప్పయ్యార్లు 180 అని చేస్తాడు. తలెత్తి చూస్తే ఆప్షన్లలో 180 నిక్షేపంగా ఉంటుంది! పేపర్ తయారుచేసేవాళ్ళకు మీరు ఎక్కడ జారతారో తెలుసు, తప్పు ఆప్షన్లను సరిగ్గా అక్కడే పెడతారు. జవాబు ఆప్షన్లలో కనిపించింది కాబట్టి ఒప్పే అనుకోవడానికి లేదు.

ఇప్పుడు నోటు పుస్తకంలో 'సిల్లీ మిస్టేక్' అని రాసుకుంటే ఉపయోగం సున్నా. 'వేగం కిలోమీటర్లలో, కాలం సెకన్లలో ఇచ్చారు, మార్చలేదు. ఇకపై లెక్క మొదలుపెట్టే ముందు యూనిట్ల కింద గీత గీయాలి' అని రాస్తే అది పని. నాలుగైదు టెస్టులయ్యాక ఆ పుస్తకం తిరగేస్తే మీ తప్పులు నిజానికి మూడు నాలుగు రకాలేనని తెలుస్తుంది. సబ్జెక్టు రాకపోవడం, ప్రశ్న సరిగ్గా చదవకపోవడం ('కానిది ఏది' అన్నచోట 'అయినది' గుర్తించడం), లెక్కలో జారడం, టైం చాలకపోవడం. ఒక్కొక్కదానికి మందు వేరు. అన్నిటికీ కలిపి 'ఇంకా కష్టపడాలి' అనుకుంటే ఏదీ కుదరదు.

ఇంకో మాట. మాక్ టెస్టును మంచం మీద పడుకుని, మధ్యలో లేచి నీళ్ళు తాగుతూ, ఫోన్ చూస్తూ రాస్తే ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకున్నట్టే. అసలు పరీక్ష ఏ వేళకు ఉంటే ఆ వేళకే, కుర్చీలో, గడియారం పెట్టుకుని, అదే ఓఎంఆర్ షీట్ లేదా అదే తరహా కంప్యూటర్ స్క్రీన్ మీద రాయండి. భయం తగ్గించే సాధనాల్లో నేను అన్నిటికంటే నమ్మేది ఇదే. ఇలా చాలాసార్లు కూర్చున్నవాళ్ళకు అసలు రోజు హాలు కొత్తగా అనిపించదు.

నాలుగు టెస్టులుగా మార్కులు అక్కడే ఆగిపోయాయి. చదివినా లాభం లేదా?

పేపర్లన్నీ ఒకే కష్టంలో ఉండవు, అందుకే ఒక్కొక్క టెస్టు మార్కు చూసి ఆనందపడటం, ఏడవటం రెండూ తొందరపాటే. మార్కుకు బదులు తప్పుల రకం మారిందా అని చూడండి. పోయిన నెల 'రాక' తప్పినవి ఈ నెల 'వచ్చి, లెక్కలో జారి' తప్పితే మీరు ముందుకు కదిలినట్టే. అలా కాక అవే తప్పులు అలాగే ఉంటే కొత్త టెస్టులు ఆపండి. వారంపాటు పాతవే మళ్ళీ చేయండి.

నెల రోజులే ఉంది. సిలబస్ సగమే అయింది. ఇప్పుడేం చేయాలి?

మొత్తం పూర్తి చేయాలన్న పంతం వదిలేయండి. పాత ప్రశ్నపత్రాలు నాలుగైదు ముందు పెట్టుకుని ఏ చాప్టర్ నుంచి ఎన్ని ప్రశ్నలు వచ్చాయో లెక్కేయండి, ఒక గంట పని. తర్వాత మిగిలిన చాప్టర్లను మూడు కుప్పలు చేయండి: ఒకటి, ఎక్కువ ప్రశ్నలు వస్తున్నవి, మీకు కొంచెం తెలిసినవి; రెండు, ఎక్కువ ప్రశ్నలు వస్తున్నా మీకు అసలు తెలియనివి; మూడు, తక్కువ ప్రశ్నలు వస్తున్నవి, పైగా కష్టమైనవి. మొదటి కుప్పతో మొదలుపెట్టండి. మూడో కుప్పను నిర్భయంగా పక్కన పెట్టేయండి. చివరి పది రోజుల్లో కొత్త చాప్టర్ ముట్టుకోవద్దనేది నా సలహా. అందులో వచ్చేది అరకొర, దానికోసం వచ్చినవాటి రివిజన్ పోతుంది.

టైంటేబుల్ వేసేటప్పుడు వారానికి ఒక పూట ఖాళీగా ఉంచండి. ఏదో ఒకటి వెనకపడుతుంది, అది సర్దుకోవడానికి. నిమిషాలతో సహా గళ్ళు గీసి, రంగులు వేసిన టైంటేబుళ్ళు మూడోరోజుకే గోడకు పరిమితమవుతాయి.

నెగెటివ్ మార్కులు ఉన్నప్పుడు తెలియని ప్రశ్నను వదిలేయాలా, ఊహించి పెట్టాలా?

ఇది ధైర్యానికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది కానీ అంతా లెక్కే. నాలుగు ఆప్షన్లు, ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత అనుకుందాం. బొత్తిగా తెలియని నాలుగు ప్రశ్నలకు కళ్ళు మూసుకుని పెడితే సగటున ఒకటి ఒప్పవుతుంది, మూడు తప్పుతాయి. 4 వచ్చి 3 పోయి, 1 మిగులుతుంది. నాలుగు ప్రశ్నలకు ఒక్క మార్కు, అదీ సగటున. దీనికోసం పాకులాడటం అనవసరం, అదృష్టం తిరగబడితే ఆ నాలుగూ తప్పొచ్చు. కానీ ప్రతి ప్రశ్నలో ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తెలిస్తే మూడు ప్రశ్నలకు 4 వచ్చి 2 పోతాయి, 2 మిగులుతాయి. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే రెండు ప్రశ్నలకే 3 మార్కులు మిగులుతాయి. అలాంటి ప్రశ్నను భయపడి వదిలేయడం మార్కులు చేజేతులా పారేసుకోవడమే.

ఒప్పుకు 1, తప్పుకు మూడో వంతు కోత ఉన్న పరీక్షలో గుడ్డిగా పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. అసలు కోతే లేకపోతే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. అమెరికాలో కాలేజీ ప్రవేశం కోసం రాసే శాట్ పరీక్షకు 2016 నుంచి తప్పు జవాబుకు మార్కు కోయడం ఎత్తేశారు. పాత పుస్తకం చూసి ప్రిపేర్ అయినవాడు అక్కడ జంకుతూ ఖాళీలు వదిలితే నష్టపోతాడు. కాబట్టి మీ పరీక్ష నియమాలు ఈ ఏడాది నోటిఫికేషన్‌లో చదువుకుని, ఈ లెక్క ఇంట్లోనే వేసుకుని వెళ్ళండి. 'రెండు కొట్టేయగలిగితే పెడతాను, లేకపోతే వదిలేస్తాను' లాంటి నిర్ణయం హాల్లో తీసుకునేది కాదు.

మొదట పెట్టిన జవాబు మార్చకూడదంటారు. నిజమేనా?

అందరూ అనే మాటే, కానీ లెక్కలు అందుకు ఎదురుగా ఉన్నాయి. 2005లో అచ్చయిన ఒక పరిశోధనలో 1,500 మందికి పైగా కాలేజీ విద్యార్థుల జవాబు పత్రాల్లో చెరిపి మార్చిన గుర్తుల్ని లెక్కపెట్టారు. మార్చినవాటిలో సగం తప్పు నుంచి ఒప్పుకు వెళ్ళాయి, పావు వంతు ఒప్పు నుంచి తప్పుకు, మిగతావి తప్పు నుంచి తప్పుకే. మార్చి పోగొట్టుకున్న మార్కు ముల్లులా గుచ్చుకుంటుంది, మార్చి తెచ్చుకున్నది గుర్తే ఉండదు. అందుకే ఆ నమ్మకం అంత బలంగా నాటుకుంది.

మార్చడానికి మీ దగ్గర కారణం ఉండాలి: ప్రశ్నలో 'కాదు' అన్న మాట ఇప్పుడే కనిపించింది, లెక్క మళ్ళీ చేస్తే వేరే జవాబు వచ్చింది, తర్వాతి ప్రశ్నలో ఇంకో సూత్రం గుర్తొచ్చింది. కారణం ఉంటే మార్చండి. ఊరికే మనసు పీకుతోందని మాత్రం మార్చకండి.

పరీక్ష ముందు రాత్రంతా మేలుకుని చదవొచ్చా?

వద్దు. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. టీనేజీ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. ముందు రాత్రి మిగుల్చుకున్న నాలుగు గంటల్లో రెండు చాప్టర్లు తిరగేస్తారేమో, మర్నాడు పేపర్ మొత్తం మసక కళ్ళతో చదువుతారు. సాయంత్రం తర్వాత టీ, కాఫీ కూడా తగ్గించండి. తాగిన కెఫీన్‌లో సగం బయటికి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది.

నిద్ర పట్టకపోతే?

ఒక్క రాత్రి సరిగ్గా నిద్రపోనంత మాత్రాన పరీక్ష పోదు. చాలామంది అలాగే రాసి బయటపడతారు. పోయిన వారమంతా వేళకు పడుకుని ఉంటే ఆ పునాది ఉంటుంది. అరగంట దొర్లినా పట్టకపోతే లేచి, మసక వెలుతురులో ఏదైనా విసుగు పుట్టించే పుస్తకం చదవండి. గడియారం వైపు చూస్తూ 'ఇంకా ఐదు గంటలే, ఇంకా నాలుగే' అని లెక్కపెట్టడం మానుకోండి, పట్టబోయే నిద్రను చెడగొట్టేది అదే. స్నేహితులు ఇచ్చిన నిద్రమాత్రలు, 'టెన్షన్ తగ్గించే' మాత్రలు ఆ రాత్రి మొదటిసారిగా మింగకండి.

పరీక్ష రోజు ఉదయం ఏం చేయాలి?

కొత్తది ఏదీ చేయకండి. అలవాటైన తిండి, అలవాటైన బట్టలు, అలవాటైన పెన్ను. హాల్ టికెట్, గుర్తింపు కార్డు, పెన్నులు ముందురోజే ఒక కవరులో పెట్టి గుమ్మం దగ్గర ఉంచుకోండి. సెంటర్ ఎక్కడో ముందే ఒకసారి వెళ్ళి చూసుకుంటే మంచిది. గేటు బయట ప్రశ్నలు అడిగి పుచ్చుకునే గుంపు ఒకటి ఎప్పుడూ ఉంటుంది, వాళ్ళకు దూరంగా నిలబడండి. మీకు రానిది ఒక్కటైనా వాళ్ళ నోటి నుంచి వినబడుతుంది, వచ్చిన నూరు మాత్రం వినబడవు.

మరీ భయస్తులకు ఒక చిట్కా. రామిరెజ్, బైలాక్ అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకున్న విద్యార్థులు మెరుగ్గా రాశారు. ముఖ్యంగా పరీక్షలంటే బాగా భయపడే పిల్లలకు ఇది ఉపయోగపడింది. అందరికీ పడుతుందని చెప్పను. మాక్ టెస్టు ముందు చేసి చూడండి, పడితే ఉంచుకోండి.

పేపర్ చూడగానే మైండ్ బ్లాంక్ అయిపోతే?

పెన్ను కింద పెట్టండి. పాదాలు రెండూ నేలకు ఆనించి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరేడు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఐదారుసార్లు చాలు, నిమిషం పడుతుంది. బయటికి వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే గుండె వేగం కొంత తగ్గుతుంది. గబగబా పెద్ద పెద్ద ఊపిరులు తీయడం మాత్రం వద్దు, అలా చేస్తే తల తిరిగినట్టయి కంగారు ఇంకా పెరుగుతుంది. దీన్ని కూడా ఇంట్లో అలవాటు చేసుకుని ఉండాలి, హాల్లో మొదటిసారి చేస్తే పనిచేయదు.

తర్వాత పేపర్లో అన్నిటికంటే తేలిక ప్రశ్న ఒకటి వెతికి చేయండి. వరస నంబరుతో పనిలేదు. ఒకటి, రెండు, మూడు ఒప్పుగా పడేసరికి దారం దొరుకుతుంది. మర్చిపోయామనుకున్నవి వాటంతటవే వస్తాయి. ఆ ఉధృతి ఎంత భయంకరంగా ఉన్నా కొన్ని నిమిషాలకు దిగిపోతుందని గుర్తుంచుకోండి.

టైం ఎప్పుడూ చాలదు. ఎలా పంచుకోవాలి?

150 ప్రశ్నలకు 180 నిమిషాలు ఇచ్చారంటే ప్రశ్నకు 72 సెకన్లు. కానీ అన్నిటికీ 72 సెకన్లు పంచితే మోసపోతారు. మొదటి రౌండులో పేపర్ చివరిదాకా వెళ్ళి, చూడగానే వచ్చేవి చేసేయండి. ఆలోచించాల్సినవాటికి పక్కన ఒక గుర్తు పెట్టి దాటేయండి. రెండో రౌండులో గుర్తు పెట్టినవి. మిగిలిన కాసేపట్లో ఇందాక చెప్పిన కొట్టివేత లెక్కతో కొన్ని. ఒక ప్రశ్న మూడు నిమిషాలు మింగేసిందంటే అది మీ పంతాన్ని పరీక్షిస్తోంది, సబ్జెక్టును కాదు. వదిలేయండి.

ఓఎంఆర్ షీట్ ఉన్నచోట దాటేసిన ప్రశ్నతో జాగ్రత్త. 37 వదిలేసి, 38 జవాబును 37 వరసలో దిద్దితే ఆ తర్వాతివన్నీ ఒక గడి జరిగిపోతాయి. ప్రతి పది ప్రశ్నలకు ఒకసారి నంబర్లు సరిచూసుకుంటే పట్టేది రెండు సెకన్లు.

తోటివాళ్ళంతా నాకంటే ముందున్నారు. వాళ్ళని చూస్తే దిగులేస్తుంది.

వాళ్ళు చెప్పేది పూర్తి చేసిన సిలబస్ గురించి, గుర్తున్న సిలబస్ గురించి కాదు. గ్రూపుల్లో మార్కులు పెట్టేది ఎవరు? మంచి మార్కులు వచ్చినవాళ్ళే. మిగతావాళ్ళు మాట్లాడరు, అందుకని మీకు ఊళ్ళో అందరికీ మంచి మార్కులే వచ్చినట్టు కనిపిస్తుంది. చివరి రెండు నెలలు ఆ గ్రూపుల్ని మ్యూట్‌లో పెట్టేయండి. చదివేటప్పుడు ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టడం కాదు, వేరే గదిలో ఉండాలి.

తల్లిదండ్రులుగా మేం ఏం చేయాలి?

తక్కువ మాట్లాడాలి. 'ఎంతవరకు వచ్చింది?' అని రోజూ అడగడం మీకు ఆప్యాయత, వాళ్ళకు ఇంకో పరీక్ష. 'టెన్షన్ పడకు నాన్నా' అనే మాట కూడా అంతే. అన్న ప్రతిసారీ టెన్షన్ పడాల్సినంత విషయం ఏదో ఉందని గుర్తుచేస్తుంది. ఇంట్లో గోల తగ్గించడం, వేళకు తిండి పెట్టడం, పరీక్ష సెంటరుకు చేర్చే ఏర్పాటు మీరు చూసుకోవడం, ఇవి నిజంగా ఉపకారాలు. చుట్టాల అబ్బాయి ర్యాంకు ప్రస్తావన ఈ కొన్నాళ్ళు అసలు వద్దు. ఫోన్లో అడిగే బంధువులకు జవాబులు మీరే చెప్పండి, పిల్లలకు ఫోన్ ఇవ్వకండి.

ఇంకొకటి, ఈ పరీక్ష కాకపోతే ఏం చేయొచ్చో ఇంటిల్లిపాదీ ఒకసారి కూర్చుని నెమ్మదిగా మాట్లాడుకోండి. ఇంకో కోర్సు, ఇంకో కాలేజీ, మళ్ళీ రాయడం, ఏదైనా. అది అపశకునం అనుకునేవాళ్ళున్నారు. నేను చూసినంతలో రెండో దారి ఉందని తెలిసిన పిల్లలే మొదటి దారిలో తేలిగ్గా నడుస్తారు.

ఇది మామూలు భయమా, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా? ఎలా తెలుస్తుంది?

రెండు మూడు వారాలుగా నిద్ర, ఆకలి దెబ్బతింటే, చదువుకు కూర్చోగానే ఊపిరాడనట్టు అయి లేచిపోవాల్సి వస్తుంటే, ఇష్టమైన పనులు కూడా చేయబుద్ధి కాకపోతే డాక్టరునో కౌన్సెలర్‌నో కలవండి. పరీక్ష అయ్యేదాకా ఆగుదాం అనుకోవద్దు. చనిపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అదే రోజు ఇంట్లో ఒకరికి చెప్పండి. ఇంట్లో చెప్పలేకపోతే నమ్మకమున్న టీచరుకో, మీ ప్రాంతంలోని హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయండి. తల్లిదండ్రులకు ఒక మనవి: పిల్లలు ఆ మాట అంటే బెదిరింపు అనుకుని కొట్టిపారేయకండి. అప్పటికి పరీక్ష సంగతి పక్కన పెట్టి, వాళ్ళను ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్యసాయం తీసుకోండి.

రాసి వచ్చాక కీ చూసుకోవచ్చా?

ఇంకో పేపర్ మిగిలి ఉంటే చూడకండి. జవాబులు పోల్చుకునేవాళ్ళ ఫోన్లు కూడా ఎత్తకండి. పేపర్లన్నీ అయిపోతే సంస్థ విడుదల చేసే అధికారిక కీ వచ్చేదాకా ఆగండి. సాయంత్రానికే తిరిగే అనధికార కీల్లో తప్పులుంటాయి, రెండు కీలు ఒకదానితో ఒకటి పొసగవు. అధికారిక ప్రాథమిక కీలో మీకు తప్పని అనిపించినవి ఉంటే అభ్యంతరం తెలపడానికి చాలా పరీక్షల్లో కొద్ది రోజులే గడువిస్తారు. కొన్నిచోట్ల ప్రశ్నకు ఇంతని ఫీజు కూడా ఉంటుంది. ఆ తేదీ ముందే క్యాలెండర్‌లో రాసుకుని, ఆధారంగా పాఠ్యపుస్తకం పేజీ నంబరు సిద్ధంగా ఉంచుకోండి.